దారిబత్తెం: పొద్దున్నే డిమ్‌సమ్‌కి వెళ్తున్నవాళ్ళ ప్రశ్నలు

దసరా సెలవులకి టిక్కెట్లు తీసుకున్నవాళ్ళ ఉత్తరాలు ఈసారి బాగా వచ్చాయి. విశాఖ నుంచి సింగపూర్‌కి నేరుగా విమానం ఉండటంతో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవాళ్ళకి ఆ వైపు ప్రయాణం తేలికైంది, అక్కడిదాకా వెళ్ళాక హాంకాంగ్ కూడా చూసొద్దాం అనుకునేవాళ్ళూ ఉన్నారు. వాటిలో పొద్దున్నే చైనావాళ్ళ డిమ్‌సమ్, అంటే టీతో పాటు చిన్న చిన్న వెదురు బుట్టల్లో తెచ్చే టిఫిన్లు, ఆ హోటల్‌కి వెళ్ళడం గురించి అడిగినవి ఏరి ఇక్కడ పెట్టాను. పేర్లు వేయొద్దన్నవాళ్ళే ఎక్కువ కాబట్టి ఊళ్ళు మాత్రం ఉంచాను.

ప్రశ్న: మా తమ్ముడు హాంకాంగ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. దసరాకి నేను, మావారు, అత్తగారు, పదేళ్ళ మా గుంటడు వెళ్తున్నాం. ఒక రోజు పొద్దున్నే బాగా పేరున్న డిమ్‌సమ్ హోటల్‌కి తీసుకెళ్తానని, గంట క్యూ ఉన్నా సరే అది తినకుండా పంపనని వాడు పట్టుబట్టాడు. మేం చేప, రొయ్య, కోడి తింటాం. పంది మాంసం, గొడ్డు మాంసం ముట్టం. అత్తగారైతే ఉల్లి, వెల్లుల్లి కూడా తినరు. "అదేటమ్మా, తెల్లారకుండానే మాంసమా" అని ఆవిడ అప్పుడే మొదలెట్టారు. అక్కడ ఏం అడగాలో, ఎలా తినాలో తెలీక నాకిప్పటినుంచే టెన్షన్‌గా ఉంది.
ఒక సోదరి, శ్రీకాకుళం

జవాబు: ముందు మీ తమ్ముడి చేత ఆ గంట క్యూ మాట మానిపించండమ్మా. పెద్దావిడని, పిల్లాడిని వెంటబెట్టుకుని ఖాళీ కడుపుతో ఫుట్‌పాత్ మీద గంట నిలబడాల్సినంత గొప్ప తిండి ఎక్కడా లేదు. అరగంట దాటుతుందని తెలిస్తే పక్క వీధిలోకి నడవండి, హాంకాంగ్‌లో డిమ్‌సమ్ దొరకని పేట ఉండదు.

పేరు ఎలా వస్తుందో చెప్తాను, అప్పుడు క్యూ సంగతి మీకే అర్థమవుతుంది. మక్ క్వాయ్ పుయ్ అనే ఆయన పెద్ద స్టార్ హోటల్లో వంట చేసి, అది మానేసి 2009లో మాంగ్‌కాక్ పేటలో టిమ్ హో వాన్ అనే చిన్న హోటల్ పెట్టాడు. మరుసటి ఏడాదికే దానికి, మంచి హోటళ్ళకిచ్చే మిషెలిన్ స్టార్ వచ్చింది, తక్కువ ధరకి స్టార్ హోటల్ తిండి అని లోకమంతా రాశారు, జనం విరగబడ్డారు. ఇప్పుడు దానికి చాలా దేశాల్లో శాఖలున్నాయి. బాగోదని నేననను. కానీ అక్కడ అందరూ ఎగబడేది పైన తియ్యటి పొరతో ఓవెన్‌లో కాల్చిన బన్ను కోసం, దాని లోపల ఉండేది పంది మాంసం. మీరు అదే తిననప్పుడు ఆ క్యూలో మీకేం పని? మీ తమ్ముడిని ఆఫీసులో ఎవరో ఒకరిని "ఆదివారం మీ అమ్మానాన్నలు ఎక్కడికి వెళ్తారు" అని అడగమనండి. ఆ జవాబు ఏ జాబితాలోనూ దొరకదు, వాళ్ళ ఇంటికి దగ్గర్లో, మార్కెట్ పైఅంతస్తులో ఉండే మామూలు హోటల్ పేరు చెప్తారు, చక్కగా అక్కడికి వెళ్ళండి.

ఇక వేళ. పేరు కంటే ఇదే ముఖ్యం. హాంకాంగ్ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు. అక్కడ ఉదయం 7 అంటే మన ఒంటికి ఇంకా తెల్లవారుజాము 4:30. దిగిన మర్నాడే పొద్దున్నే లేపి అక్కడ కూర్చోబెడితే ఎవరికీ ఆకలి ఉండదు, మీవాడు ముఖం చిట్లిస్తాడు, పెద్దావిడ మాట నిజమైపోతుంది. మూడోరోజో నాలుగోరోజో పెట్టుకోండి. మామూలు పనిదినాన ఎనిమిది, తొమ్మిది మధ్య వెళ్తే పేపర్ చదువుకుంటూ ఒక్కొక్క బుట్టే తెప్పించుకునే ముసలివాళ్ళు కనిపిస్తారు, హాయిగా ఉంటుంది. చాలా హోటళ్ళలో ఆ వేళ ధర కూడా తక్కువ. ఆదివారం పదకొండుకి వెళ్తే మూడు తరాల కుటుంబాలు పెద్ద పెద్ద గుండ్రటి బల్లల చుట్టూ కూర్చుని ఉంటాయి, చూడముచ్చటగానే ఉంటుంది కానీ బల్ల దొరకదు. ఇంకోటి, అక్టోబర్ 1 చైనా జాతీయ దినం. ఆ వారమంతా వాళ్ళకి సెలవులు, అటువైపు నుంచి హాంకాంగ్‌కి జనం పోటెత్తుతారు. మన దసరా సెలవులు చాలాసార్లు దాని పక్కనే పడతాయి, తేదీలు చూసుకోండి.

కూర్చోగానే తిండి గురించి అడగరు, ఏ టీ కావాలని అడుగుతారు. అక్కడివాళ్ళ లెక్కలో వాళ్ళు వచ్చింది టీకి, తిండి దాని వెంట వచ్చేదే. టీకి మనిషికింత అని బిల్లులో వేస్తారు, మీరు తాగినా తాగకపోయినా వేస్తారు, కాబట్టి మంచిదే అడగండి. పాలు, పంచదార ఉండవు, అడిగినా ఆ టీకి నప్పవు. ముసలివాళ్ళు ఎక్కువగా తాగేది నల్లగా, మట్టివాసన వేసే పూ అర్. మొదటిసారి తాగేవాళ్ళకి మల్లెపూల టీ తేలిక, మనకి ఆ వాసన కొత్త కాదు. అత్తగారికి, బాబుకి చామంతిపూల టీ చెప్పండి, అందులో టీ ఆకే ఉండదు కాబట్టి నిద్ర చెడదు. కుండలో నీళ్ళైపోతే ఎవరినీ పిలవక్కర్లేదు, మూత కాస్త తెరిచి పక్కకి వాల్చి పెడితే వాళ్ళే చూసి వేడినీళ్ళు పోసి వెళ్తారు. మొదటి టీతో చాలామంది తమ గిన్నెలు, చెంచాలు, తినే పుల్లలు (చాప్‌స్టిక్స్) కడుగుతారు, దానికోసమే పెద్ద గిన్నె ఒకటి బల్ల మీద పెడతారు. అది చూసి మురికి హోటలేమో అనుకోవద్దు, అదొక అలవాటు, మీ అత్తగారికి మాత్రం తప్పకుండా నచ్చుతుంది.

టీ పోసేటప్పుడు ముందు పక్కవాళ్ళకి పోసి చివర మనం పోసుకోవాలి. మనకెవరైనా పోస్తే రెండు వేళ్ళు కొంచెం మడిచి బల్ల మీద తడతారు, అదే థాంక్స్. క్వియాన్‌లాంగ్ అనే చక్రవర్తి మారువేషంలో తిరుగుతూ తన సేవకుడికి తనే టీ పోశాడని, దణ్ణం పెడితే గుట్టు బయటపడుతుందని ఆ సేవకుడు వేళ్ళతోనే మోకరిల్లినట్టు చేశాడని కథ చెప్తారు. మీ గుంటడికి ఈ కథ ముందే చెప్పేస్తే వాడు ఆ పూటంతా బల్ల తడుతూనే ఉంటాడు, అల్లరి చేయడు.

చిన్న హోటల్‌లో మీ బల్ల దగ్గరే తెలియనివాళ్ళని కూర్చోబెడతారు. మొహమాటపడొద్దు, వాళ్ళు మిమ్మల్ని పట్టించుకోరు.

ఇప్పుడు తిండి. ఒక కాగితం, పెన్సిలు ఇస్తారు, కావలసినవాటి పక్క టిక్కు పెట్టి ఇవ్వాలి. ధర వంటకం పేరుని బట్టి కాక చిన్నది, మధ్యరకం, పెద్దది, ప్రత్యేకం అని తరగతులుగా ఉంటుంది. ఒక్కో వెదురు బుట్టలో మూడో నాలుగో ముక్కలుంటాయి. అందరూ ఇక్కడే చేయి జారుస్తారు, కాగితం నిండా టిక్కులు పెట్టేస్తారు, పది బుట్టలు ఒక్కసారి దిగుతాయి, సగం చల్లారిపోతాయి. మీరు మూడో నాలుగో చెప్పండి. అవి అయ్యాక, పక్క బల్ల మీద ఏముందో చూసి, మళ్ళీ మూడు. ఇంకో కాగితం అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, అక్కడ తినే పద్ధతే అది.

మీలాగా రొయ్యలు తినేవాళ్ళకి హా గావ్ అన్నిటికంటే ముందు. గోధుమ గంజిపిండి, కర్రపెండలం పిండి కలిపి చేసిన పల్చటి తెల్లటి పొరలోంచి రొయ్య గులాబీ రంగులో పైకే కనిపిస్తుంది. పొర చిరగకుండా పుల్లలతో పైకి వచ్చి, కొరికితే లోపల రొయ్య కరకరమంటే ఆ హోటల్ మంచిదే అని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు. రెండోది చ్యూంగ్ ఫన్, జారుగా కలిపిన బియ్యప్పిండిని ఆవిరి మీద పల్చగా పోసి ఉడికించి, లోపల రొయ్యలు పెట్టి చుట్టి, తియ్యటి సోయా రసం పోసిస్తారు. మన నోటికి నూటికి నూరుపాళ్ళూ పట్టేది ఇదే. అందులోనే గొడ్డు మాంసంతోను, పంది మాంసంతోను చేసినవీ ఉంటాయి, కాగితం మీద పక్కపక్కనే ఉంటాయి, టిక్కు పెట్టేటప్పుడు తమ్ముడిని సరిగ్గా చూడమనండి.

పంది గురించి మీకు సూటిగా చెప్పాలి. పసుపు రంగు పొరతో, పైన తెరిచి ఉండే సియూ మై చూడటానికి రొయ్యలదిలా ఉంటుంది కానీ అందులో ఎక్కువ భాగం పంది మాంసమే. తామరాకులో చుట్టిన లో మై గైని కోడి అన్నం అంటారు, జిగురు బియ్యం, కోడి, పుట్టగొడుగులు నిజమే, చాలాచోట్ల చైనా సాసేజి ముక్కలు కూడా వేస్తారు, అది పంది. గుండ్రంగా, మెత్తగా, మాంసపు ఉండల్లా కనిపించేవి గొడ్డు మాంసానివి. ఇంతకంటే చిక్కు ఏమిటంటే, హా గావ్ పిండిలో మెత్తదనం కోసం కొంచెం పంది కొవ్వు కలపడం వాళ్ళకి మామూలు. మాంసం ముక్క లేకపోతే చాలు అనుకునేవాళ్ళకి పర్వాలేదు. కొవ్వు కూడా పడదు అనుకుంటే మామూలు డిమ్‌సమ్ హోటల్ మీకు సరిపడదు, హలాల్ డిమ్‌సమ్ అమ్మేచోట్లు ఉన్నాయి, అక్కడ పంది బాధ ఉండదు, అక్కడికి వెళ్ళండి. తినేశాక తెలిసి బాధపడేకంటే ఇప్పుడే ఇంట్లో మాట్లాడుకోవడం మేలు.

కోడి కాళ్ళు కూడా తెస్తారు. నూనెలో వేయించి, నానబెట్టి, నల్ల సోయా గింజల రసంతో ఆవిరి మీద ఉడికిస్తారు, ఎముక మీద చర్మం జారిపోయేంత మెత్తగా అవుతుంది. మావారు తినరు, మా వాళ్ళు చూడలేరు అనుకుంటే వదిలేయండి. నాకు మాత్రం ఇష్టం, మసాలా బాగా పట్టి ఉంటుంది.

అత్తగారి సంగతి. పైకి శాకాహారంలా కనిపించేవే అక్కడ ఎక్కువ మోసం. లో బాక్ గో అని ముల్లంగి, బియ్యప్పిండితో చేసి పెనం మీద కాల్చిన ముక్కలు వస్తాయి, ఎండు రొయ్యలు, సాసేజి లేకుండా దాన్ని దాదాపు చేయరు. ఉడికించిన ఆకుకూర మీద ఆల్చిప్పల సాస్ పోస్తారు. చామదుంప వడలో మాంసం ఉంటుంది. టోఫు పొర చుట్టలో కూడా ఉంటుంది. గుడ్డు టార్టు అంచులో పంది కొవ్వు ఉండొచ్చు. మేం శాకాహారులం అని నోటితో చెప్తే కూరగాయలెక్కువ వేసి మాంసం తక్కువ వేసి తెచ్చే అవకాశమూ ఉంది. అందుకని ఆవిడని ఆ హోటల్‌కి తీసుకెళ్ళి ఇది తినండి, అది తినండి అని బతిమాలొద్దు. ఇంట్లో టిఫిన్ చేసి మీతో వచ్చి చామంతి టీ తాగి, ఆ సందడి చూస్తే చాలు.

ఆవిడ కోసం ఇంకో పూట వేరే పెట్టుకోండి. హాంకాంగ్‌లో బౌద్ధుల శాకాహార హోటళ్ళున్నాయి, సంప్రదాయంగా నడిపేచోట ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు, కొన్నిటిలో డిమ్‌సమ్ అంతా శాకాహారంలోనే దొరుకుతుంది. మనకి ఏకాదశిలా వాళ్ళలో చాలామంది చాంద్రమాసంలో 1, 15 తేదీల్లో మాంసం మానేస్తారు, ఆ రోజుల్లో ఇవి కిటకిటలాడతాయి. లాంటావు దీవిలో 34 మీటర్ల పెద్ద బుద్ధ విగ్రహం ఉంది కదా, 1993లో పూర్తయింది, ఎలాగూ చూస్తారు, పక్కనే పో లిన్ మఠంలో శాకాహార భోజనం పెడతారు. ఒకటే జాగ్రత్త, ఈ హోటళ్ళలో గోధుమ జిగురుతో చేసిన నకిలీ మాంసం ముక్కలు అచ్చం మాంసంలాగే, ఎర్రటి అంచుతో సహా వస్తాయి. ఆవిడకి ముందే చెప్పకపోతే ప్లేటు వెనక్కి నెట్టేస్తారు. గుడ్డు, పాలు వాడతారేమో కూడా అడగండి. తమ్ముడి చేత ఫోన్‌లో చైనా లిపిలో "మాంసం, చేప, రొయ్య, గుడ్డు, ఆల్చిప్పల సాస్, పంది కొవ్వు ఏదీ వద్దు" అని రాయించి పెట్టుకోండి, చూపిస్తే చాలు.

బాబుకి మా లాయ్ గో అనే గోధుమరంగు ఆవిరి కేకు, గుడ్డు టార్టు నచ్చుతాయి. లావ్ సా బావ్ అని ఇంకో బన్ను ఉంది, లోపల ఉప్పు గుడ్డు పచ్చసొనతో చేసిన తియ్యటి రసం కారుతుంది, పిల్లలకి ప్రాణం. కానీ ఆ రసం సలసల మరుగుతూ ఉంటుంది, కొరికాడో నాలుక కాలుతుంది, విరిచి చల్లార్చి మీరే ఇవ్వండి. పుల్లలు రాకపోతే చెంచా, ఫోర్కు అడగండి, ఎవరూ నవ్వరు. రెండు జతల పుల్లలిస్తే ఒకటి వడ్డించుకోవడానికి, ఒకటి నోట్లో పెట్టుకోవడానికి, అవి కలపొద్దు. పుల్లల్ని అన్నంలో నిలువుగా గుచ్చితే మాత్రం ముఖాలు మారతాయి, చనిపోయినవాళ్ళకి అగరొత్తులు అలా గుచ్చుతారు. బిల్లు మీ తమ్ముడినే కట్టనివ్వండి, సాధారణంగా పది శాతం సర్వీసు చార్జీ అందులోనే ఉంటుంది, పైన టిప్పు అవసరం లేదు.

ప్రశ్న: వీడియోల్లో ఆడవాళ్ళు బండి తోసుకుంటూ బుట్టలు తెచ్చి ఇస్తున్నారు. మీరేమో కాగితం అంటున్నారని మా అన్నయ్య చెప్పాడు. ఏది నిజం?
ఒక డిగ్రీ విద్యార్థిని, విజయనగరం

జవాబు: రెండూ నిజమేనమ్మా, కానీ బళ్ళు బాగా తగ్గిపోయాయి. తోసేవాళ్ళకి జీతాలివ్వాలి, బల్లల మధ్య దారి వదలాలి, హాంకాంగ్ అద్దెలకి ఆ ఖాళీయే బరువు. పైగా బండి హాలంతా తిరిగి మీ దగ్గరకొచ్చేసరికి బుట్ట చల్లారిపోతుంది. కాగితం మీద రాసిస్తే అప్పటికప్పుడు ఆవిరి మీదనుంచి దింపి తెస్తారు, రుచికి అదే మంచిది. బండి చూడాలనే ఉంటే హాంకాంగ్ సెంట్రల్‌లో సిటీ హాల్‌లో మాక్సిమ్స్ ప్యాలెస్ దానికి పేరుపడింది, కిటికీలోంచి సముద్రం కూడా కనిపిస్తుంది. అక్కడ బల్ల మీద ఒక కార్డు ఉంటుంది, బుట్ట తీసుకున్నప్పుడల్లా ముద్ర వేస్తారు, చివర ఆ ముద్రలు లెక్కేసి బిల్లు. కార్డు పారేసుకోకు. బండి దూరంలో ఆగిపోతే కార్డు పట్టుకుని నువ్వే లేచి వెళ్ళు, అక్కడ మర్యాదగా ఎదురుచూసేవాళ్ళకి హా గావ్ మిగలదు.

ప్రశ్న: నేను సింగపూర్‌లో షిప్‌యార్డ్‌లో వెల్డర్‌ని. ఆదివారం సెలవు. రూమ్‌లో తమిళ తమ్ముళ్ళు డిమ్‌సమ్ తిందాం రమ్మంటే, ఒకసారి బిల్లు చూసి గుండె ఆగింది, పట్టికలో ఉన్నదానికి, కట్టినదానికి పొంతన లేదు. ఒక్కణ్ణే వెళ్తే బాగుంటుందా? ఎక్కడ తక్కువలో అవుతుంది?
ఒక పాఠకుడు, సోంపేట

జవాబు: పట్టికలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటాయి చూశారా తమ్ముడూ, గుట్టంతా అక్కడే. ఒక ప్లస్ పది శాతం సర్వీసు చార్జీ, రెండోది జీఎస్టీ, 2024 జనవరి నుంచి అది 9 శాతం. ఆ 9 శాతం సర్వీసు చార్జీ కలిపిన మొత్తం మీద పడుతుంది. అంటే 10 డాలర్ల బుట్టలకి 11 డాలర్ల 99 సెంట్లు. టీకి మనిషికింత వేరే. మీరు అడక్కుండానే బల్ల మీద వేరుశనగ గింజలు, తడి తువ్వాలు పొట్లాలు పెడతారు, అవి ఉచితం అనుకుని చింపేస్తే అవీ బిల్లులోకి ఎక్కుతాయి. వద్దనుకుంటే కూర్చోగానే వెనక్కిచ్చేయండి, ఎవరూ ఏమీ అనరు.

తక్కువలో అవ్వాలంటే ఏసీ హోటల్ వద్దు. చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్లలో, పేటల్లోని కాఫీ షాపుల్లో డిమ్‌సమ్ అమ్మే కొట్లుంటాయి, సర్వీసు చార్జీ ఉండదు, బుట్టలు కళ్ళముందే పేర్చి ఉంటాయి, కావలసినదాన్ని వేలితో చూపిస్తే చాలు. రెండు బుట్టలు, ఒక పావ్ బన్ను, ఒక కోపీ ఓ, అంటే పాలు లేని కాఫీ, ఇంతే. పొద్దున్న ఏడింటికే మొదలవుతుంది, తొమ్మిదిన్నరకి మంచివి అయిపోతాయి. ఒక్కరే వెళ్ళడానికి ఇదే సరైన చోటు, పెద్ద హోటల్‌లో ఒక్కరే కూర్చుంటే రెండు రకాలతోనే కడుపు నిండిపోతుంది. ఆదివారం లిటిల్ ఇండియాకి ఎలాగూ వెళ్తారు కదా, పక్కనే జలాన్ బెసార్‌లో 1962 నుంచి ఉన్న స్వీ చూన్ ఉంది, దానికి పేరు రాత్రి పూట డిమ్‌సమ్‌తో వచ్చింది. నలుగురూ కలిసి డబ్బులు పంచుకుని వెళ్ళాలనుకున్నప్పుడు అది పెట్టుకోండి.

ప్రశ్న: పొద్దున్నే ఇడ్లీ, ఉప్మా, చోడి అంబలి వదిలేసి ఆ పచ్చి వాసన ముద్దల కోసం లక్షలు పోసి వెళ్ళమని రాస్తారా? మీ పత్రిక ఇలా అయిపోయిందేమిటి?
ఒక పెద్దాయన, చీపురుపల్లి

జవాబు: లక్షలు పోసి వెళ్ళమని నేను ఎవరికీ చెప్పలేదండి, ఎలాగూ వెళ్తున్నవాళ్ళు అడిగితే చెప్తున్నాను. అదీ మన ఇడ్లీలాగే ఆవిరి మీద ఉడికింది, నూనె తక్కువ, బియ్యప్పిండి ఎక్కువ, పొద్దున్నే పదిమంది కూర్చుని తింటారు. పచ్చి వాసన రాదు, వచ్చిందంటే ఉడకలేదని అర్థం. అక్కడ పొద్దుటి పూట బియ్యం జావ కూడా పోస్తారు, మీరు వెళ్తే మాంసం, నిల్వ గుడ్డు లేకుండా వట్టి జావ అడగండి, అంబలి తాగే మనిషికి అది చాలు. మావిడికాయ ముక్క మాత్రం మీరే పట్టుకెళ్ళాలి.

ప్రశ్న: మాకు పాస్‌పోర్టులు లేవు. వచ్చే నెల కాళీఘాట్, దక్షిణేశ్వరం చూడ్డానికి కలకత్తా వెళ్తున్నాం. అక్కడ చైనావాళ్ళ టిఫిన్ దొరుకుతుందని విన్నాం. నిజమేనా? ఆడవాళ్ళతో వెళ్ళొచ్చా?
ఇద్దరు మిత్రులు, బొబ్బిలి

జవాబు: నిజమే, పాస్‌పోర్టు ఉన్నవాళ్ళు కూడా ముందు అక్కడికి వెళ్ళాలని నేనంటాను. లాల్‌బజార్ దగ్గర పోద్దార్ కోర్ట్ వెనక టిరెట్టా బజార్ ఉంది. అక్కడ తెల్లవారుజాము నుంచి రోడ్డు పక్కనే ఆవిరి పాత్రలు పెట్టి అమ్ముతారు, ఆదివారమే బాగా ఉంటుంది, ఎనిమిదింటికల్లా సర్దేస్తారు. తొమ్మిదికి వెళ్ళి ఏమీ లేదని ఊరికి వచ్చి తిట్టేవాళ్ళే ఎక్కువ. హౌరా రైలు తెల్లవారకముందే దిగితే సామాను క్లోక్ రూమ్‌లో పెట్టి నేరుగా అటే వెళ్ళొచ్చు, దూరం లేదు.

పద్దెనిమిదో శతాబ్దం చివర్లో టాంగ్ అచ్యూ అనే ఆయన బజ్‌బజ్ దగ్గర చక్కెర మిల్లు పెట్టడంతో చైనావాళ్ళు బెంగాల్లో స్థిరపడటం మొదలైంది. తర్వాత వచ్చినవాళ్ళు తోలు పని, వడ్రంగం, పళ్ళ వైద్యం చేసుకుంటూ ఈ పేటలో ఉన్నారు. 1962లో చైనాతో యుద్ధం వచ్చాక వాళ్ళ మీద అనుమానాలు, నిర్బంధాలు పెరిగి చాలామంది విదేశాలకి వెళ్ళిపోయారు. ఇప్పుడు మిగిలింది కొద్ది కుటుంబాలే, అమ్మేవాళ్ళలో చైనావాళ్ళు కానివాళ్ళు కూడా చాలామంది ఉన్నారు. అందుకే హాంకాంగ్ రుచి వెతకొద్దు, ఇది కలకత్తా రుచి. పంది సియూ మై, ఉబ్బిన బన్నులు, మోమోలు, చేప ఉండల సూపు, నువ్వుల ఉండలు దొరుకుతాయి. ఏ మాంసమో హిందీలో అడగొచ్చు, ఆ సుఖం విదేశాల్లో లేదు. కుర్చీలుండవు, నిలబడి తినాలి, చిల్లర నోట్లు పట్టుకెళ్ళండి. ఆడవాళ్ళతో హాయిగా వెళ్ళొచ్చు, ఆ వేళకి కుటుంబాలతో వచ్చేవాళ్ళే ఎక్కువ. తిన్నాక ఆ సందుల్లోనే సీ ఇప్, నామ్ సూన్ అనే పాత చైనా గుళ్ళున్నాయి, వాళ్ళు చర్చి అంటారు కానీ గుడే, తలుపు తీసి ఉంటే చూడండి. సాయంత్రం తాంగ్రాకి వెళ్ళి నూడుల్స్ తినే ఆలోచన ఉంటే అది వేరే పేట, వేరే పూట.

ప్రశ్న: హోటల్‌లో బుట్టలు మిగిలిపోతే పొట్లం కట్టించుకోవచ్చా? అడిగితే చిన్నతనంగా చూస్తారా?
ఒక గృహిణి, రాజాం

జవాబు: చక్కగా కట్టించుకోవచ్చు, చాలామంది కట్టించుకుంటారు, డబ్బాకి కొద్దిగా డబ్బు తీసుకోవచ్చు. అయితే అన్నీ మోయొద్దు. హా గావ్ పొర చల్లారితే గట్టిపడి చిరిగిపోతుంది, అవి అక్కడే తినేయండి, ఇంకొకరి గిన్నెలో వేసైనా సరే. తామరాకు అన్నం మాత్రం మూట విప్పకుండా తెచ్చుకుంటే మళ్ళీ ఆవిరి పెట్టుకోవచ్చు. ముల్లంగి ముక్కలైతే మీరున్న చోట పొయ్యి ఉంటే సాయంత్రం పెనం మీద కాస్త నూనె వేసి రెండు వైపులా ఎర్రగా కాల్చండి, పొద్దుటికంటే బాగుంటాయి.